ఫ్లోరిడా ఎండకు లెక్క కడితే: న్యూజెర్సీ నుంచి మకాం మార్చడంలో లాభమెంత, చిక్కులెన్ని?

ఫిబ్రవరిలో న్యూజెర్సీలోని ఎడిసన్‌కు ఫ్లోరిడాలోని టాంపా నుంచి ఒక ఫోన్ వస్తుంది. "అన్నయ్యా, మా పెరట్లో మామిడి పూతకొచ్చింది" అని అటు నుంచి తమ్ముడు. ఇటు అన్నయ్య చేతిలో పార, కాళ్ల కింద మూరెడు మంచు. "ఇంకోటి విను, ఇక్కడ స్టేట్ ట్యాక్సే లేదు." సెప్టెంబరు చివర్లో ఫోన్ ఇటు నుంచి అటు వెళ్తుంది. "ఒరేయ్, తుపాను మీ వైపేనట కదా, పిల్లల్ని తీసుకుని ఎక్కడికి వెళ్లారు?"

అమెరికా తెలుగు ఇళ్లలో ఫ్లోరిడా గురించి నడిచే వాదనంతా ఈ రెండు ఫోన్ల మధ్యే ఉంటుంది. 2025 జులైలో నాట్స్ అనే తెలుగు సంఘం సంబరాలు టాంపాలో జరిగినప్పుడు మా స్నేహితులు కొందరు వెళ్లారు. వచ్చేటప్పుడు కొత్త కాలనీల బ్రోచర్లు కూడా పట్టుకొచ్చారు. అప్పటి నుంచి ఎవరింటికి భోజనానికి వెళ్లినా చేతులు కడుక్కునేలోగా ఇదే చర్చ.

ఫ్లోరిడా శాసనసభ 1970లో తమ రాష్ట్రానికి 'సన్‌షైన్ స్టేట్' అని అధికారికంగా పేరు పెట్టుకుంది. నిజానికి దేశంలో ఎక్కువ ఎండ కాసేది అరిజోనాలో. కానీ పేరు ఫ్లోరిడాకే అతుక్కుపోయింది, జనం అక్కడికే కదిలారు. 2021 జులై నుంచి 2022 జులై వరకు ఒక్క ఏడాదిలో మిగతా రాష్ట్రాల నుంచి నికరంగా దాదాపు 3.19 లక్షల మంది అక్కడికి చేరారని సెన్సస్ బ్యూరో అంచనా. 2023-24కి ఆ సంఖ్య సుమారు 64 వేలకు దిగింది. వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అక్కడి నుంచి వచ్చేసేవాళ్లూ పెరిగారు. ఎందుకో తెలియాలంటే ముందు పన్ను సంగతి విడమర్చుకోవాలి.

'స్టేట్ ట్యాక్స్ లేదు' అన్న మాటలో ఉన్నదేమిటి, లేనిదేమిటి

జీతం నుంచి కోత పడేవి మూడు రకాలు. ఫెడరల్ ఆదాయ పన్ను, సోషల్ సెక్యూరిటీ-మెడికేర్, రాష్ట్ర ఆదాయ పన్ను. మొదటి రెండూ ఏ రాష్ట్రంలో ఉన్నా తప్పవు. ఫ్లోరిడాలో లేనిది మూడోది మాత్రమే. అది ఏదో ఒక ప్రభుత్వం ఇచ్చిన రాయితీ కాదు. 1924లో ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగంలోనే ఆదాయ పన్నుపై నిషేధం పెట్టించారు. గవర్నర్ మారితే మారిపోయే సంగతి కాదది.

ఎంత మిగులుతుందో చూద్దాం. భార్యాభర్తలిద్దరికీ కలిపి పన్ను పడే ఆదాయం 2 లక్షల డాలర్లు అనుకుందాం. న్యూజెర్సీ శ్లాబుల ప్రకారం మొదటి 20 వేలకు 1.4 శాతంతో మొదలై, 80 వేల నుంచి లక్షన్నర వరకు 5.525 శాతం, ఆపైన 6.37 శాతం పడుతుంది. అన్నీ కూడితే సుమారు 8,700 డాలర్లు. ఫ్లోరిడాలో అది సున్నా.

ఈ 8,700లో మొత్తం మిగలకపోవచ్చు. న్యూజెర్సీలో కట్టిన రాష్ట్ర పన్నును, ఇంటి పన్నును ఫెడరల్ రిటర్నులో తగ్గించి చూపించుకునే వీలుంది. దీన్ని సాల్ట్ డిడక్షన్ అంటారు. 2018 నుంచి దానికి 10 వేల డాలర్ల పరిమితి ఉండేది, 2025 చట్టం దాన్ని 40 వేలకు పెంచింది. ఇంటి అప్పు మీద వడ్డీ ఎక్కువగా కడుతూ వివరంగా డిడక్షన్లు చూపించుకునే కుటుంబానికి న్యూజెర్సీ పన్నులో కొంత భాగం అలా తిరిగొస్తోంది. ఫ్లోరిడా వెళ్తే పన్నుతో పాటు ఆ వెసులుబాటూ తగ్గుతుంది.

దీనికంటే పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది. మన్‌హాటన్ బ్యాంకులో ఉద్యోగం, మేనేజరు మంచివాడు, "ఎక్కడి నుంచైనా పని చేసుకో" అన్నాడు. టాంపా వెళ్తే పన్ను పోతుంది కదా అని సంబరం. న్యూయార్క్ రాష్ట్రం అలా వదలదు. ఉద్యోగి తన సౌకర్యం కోసం వేరే రాష్ట్రంలో కూర్చుని పని చేస్తే ఆ రోజుల్ని కూడా న్యూయార్క్‌లో పని చేసిన రోజులుగానే లెక్కేస్తుంది. కంపెనీ అవసరం కొద్దీ అక్కడ ఉండాల్సి వస్తేనే మినహాయింపు. అంటే ఉద్యోగం న్యూయార్క్‌ది, ఎండ ఫ్లోరిడాది అయితే పన్ను న్యూయార్క్‌కే పోతుంది. నదికి ఇవతల న్యూజెర్సీలో కాపురం ఉండి అవతల ఉద్యోగం చేసే తెలుగువాళ్లు తక్కువేం కాదు. ఈ లెక్క తేలకుండా ఇల్లు చూసుకోవడం అంటే ముహూర్తం చూడకుండా శుభలేఖలు పంచడమే.

ఆదాయ పన్ను లేకపోతే రాష్ట్రం ఎలా నడుస్తుంది? ప్రధానంగా అమ్మకం పన్నుతో. రాష్ట్రానిది 6 శాతం, దానిపైన కౌంటీ వడ్డన. టాంపా ఉన్న హిల్స్‌బరోలో కలిపి 7.5 శాతం, ఓర్లాండో ఉన్న ఆరెంజ్ కౌంటీలో 6.5 శాతం. బియ్యం, పప్పు, కూరగాయల మీద రెండు రాష్ట్రాల్లోనూ పన్ను లేదు. బట్టల మీద న్యూజెర్సీలో లేదు, ఫ్లోరిడాలో ఉంది. ఈ అమ్మకం పన్నులో మంచి వాటా డిస్నీ చూడటానికొచ్చిన పర్యాటకులే కట్టిపోతారు. అందులో ఎన్నో ఏళ్లుగా మన వాటా కూడా ఉంది, వేసవి సెలవుల ఖర్చుల్లో అది కనపడదంతే.

ఇంటి పన్ను: అమ్మినవాడి బిల్లు చూసి కొన్నవాడు మోసపోయే చోటు

న్యూజెర్సీలో సగటు ఇంటి పన్ను 2024లో మొదటిసారి ఏడాదికి 10 వేల డాలర్లు దాటింది. ఫ్లోరిడాలో అదే ధర ఇంటికి 4 వేలని వెబ్‌సైటులో కనిపిస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. ఆ 4 వేలు అబద్ధం కాదు. కాకపోతే అది అమ్మేవాడి పన్ను, కొనేవాడిది కాదు.

ఎలాగంటే, సొంతంగా కాపురం ఉంటున్న ఇంటికి ఫ్లోరిడాలో హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉంది. ఇంటి విలువలో దాదాపు 50 వేల డాలర్లను పన్ను లెక్కలోంచి తీసేస్తారు. మొదటి 25 వేలకు అన్ని పన్నులూ, రెండో 25 వేలకు స్కూలు పన్ను కాక మిగతావి మినహాయింపు. 2024 నవంబరు ఓటింగు తర్వాత ఈ రెండో భాగం ద్రవ్యోల్బణాన్ని బట్టి కొద్దికొద్దిగా పెరుగుతోంది. అసలు వరం ఇంకోటి. 1995 నుంచి 'సేవ్ అవర్ హోమ్స్' అనే నియమం అమల్లో ఉంది. మార్కెట్ ఎంత ఎగిరినా హోమ్‌స్టెడ్ ఇంటి పన్ను విలువను ఏడాదికి 3 శాతమో, ద్రవ్యోల్బణమో, ఏది తక్కువైతే అంతకు మించి పెంచకూడదు. చాలాకాలంగా ఉన్నవాడికి ఇది పెద్ద రక్షణ. ఇల్లు చేతులు మారగానే రక్షణ పోతుంది. తర్వాతి జనవరి 1న మార్కెట్ విలువ దగ్గర మళ్లీ లెక్క మొదలు.

అంకెల్లో చూస్తే సులువు. పన్ను రేటు వెయ్యికి 18 డాలర్లనీ, మినహాయింపు గుండుగుత్తగా 50 వేలనీ అనుకుందాం. 2010లో 1.6 లక్షలకు కొన్నవాడి ఇంటి పన్ను విలువ ఈ నియమం పుణ్యాన ఇప్పటికి 2.2 లక్షల దగ్గరే ఉంది. 50 వేలు తీసేస్తే 1.7 లక్షలు, పన్ను 3,060 డాలర్లు. అదే ఇంటిని మీరు 4.5 లక్షలకు కొన్నారు. 50 వేలు తీసేస్తే 4 లక్షలు, పన్ను 7,200.

చిక్కు మొదటి ఏడాది తెలియదు. బ్యాంకు పాత బిల్లు ఆధారంగా నెలనెలా ఎస్క్రోలో, అంటే పన్ను, బీమా కట్టడానికి పెట్టే ఖాతాలో, డబ్బు జమ చేయించుకుంటుంది. కొత్త బిల్లు రాగానే 4,140 తక్కువ పడిందని ఉత్తరం వస్తుంది. ఇక నుంచి నెలకు 345 ఎక్కువ, పాత లోటు తీర్చడానికి మరో 345. ఏడాదిపాటు ఇంటి కంతు దాదాపు 690 డాలర్లు పెరుగుతుంది. ఇందులో దాపరికం ఏమీ లేదు, కౌంటీ వెబ్‌సైట్లు స్పష్టంగానే చెబుతాయి. ఇల్లు చూసే హడావిడిలో వంటగది గ్రానైటు మీద ఉన్న దృష్టి ఆ లింకు మీద ఉండదు.

కొత్త కాలనీలయితే బిల్లులో ఇంకో వరస కనిపిస్తుంది. సీడీడీ, అంటే కమ్యూనిటీ డెవలప్‌మెంట్ డిస్ట్రిక్ట్. 1980 నాటి చట్టం ప్రకారం కాలనీ రోడ్లు, డ్రైనేజీ, స్విమ్మింగ్ పూల్ లాంటివాటికి బాండ్ల మీద అప్పు తెస్తారు, దాన్ని ఇళ్లు కొన్నవాళ్లు ఏళ్ల తరబడి తీరుస్తారు. హోమ్‌స్టెడ్ మినహాయింపు దీన్ని తాకదు. కాలనీ ఇంటి యజమానుల సంఘానికి కట్టే హెచ్‌ఓఏ రుసుము మళ్లీ వేరు. బ్రోచర్లో 'వాటర్ వ్యూ' అని ఎక్కువ ధర చెప్పే ఇంటి వెనక చెరువు కూడా చాలాసార్లు వాననీరు నిలవడానికి తవ్విన గుంటే. అప్పుడప్పుడు అందులో మొసలి జాతి అతిథి కూడా దర్శనమిస్తుంది.

హెచ్-1బీ వాళ్లకు హోమ్‌స్టెడ్ వస్తుందా?

మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తరచూ గొడవయ్యే ప్రశ్న ఇది. "నాకొచ్చింది" అని ఒకరు, "నాకు కుదరదన్నారు" అని ఇంకొకరు. ఇద్దరిదీ నిజమే.

ఈ మినహాయింపు శాశ్వత నివాసానికి. తాత్కాలిక వీసా మీద ఉన్న మనిషి చట్టరీత్యా ఇక్కడే శాశ్వతంగా ఉంటానని అనుకోజాలడని ఫ్లోరిడా సుప్రీంకోర్టు 1963లోనే చెప్పింది. అయితే రాష్ట్ర రాజ్యాంగం ఇంటి యజమాని గానీ, అతని మీద ఆధారపడినవారు గానీ శాశ్వతంగా నివసించే ఇల్లు అంటుంది. 2012లో గార్సియా వర్సెస్ ఆండోనీ కేసులో ఆ రెండో ముక్కే తేల్చేసింది. తాత్కాలిక వీసా మీదున్న దంపతుల పిల్లలు అమెరికాలో పుట్టిన పౌరులు. వాళ్లకు అది శాశ్వత నివాసమే కాబట్టి మినహాయింపు ఇవ్వాల్సిందేనని కోర్టు చెప్పింది. అంటే ఒకే వీధిలో, ఒకే వీసా మీద ఉన్న రెండు ఇళ్లలో పిల్ల ఇక్కడ పుట్టినవాళ్లకు వస్తుంది, పిల్లను హైదరాబాద్ నుంచి తెచ్చుకున్నవాళ్లకు రాకపోవచ్చు. అర్హత లేకుండా తీసుకుంటే పదేళ్ల వరకు వెనక్కి వెళ్లి పన్ను, దానిపై 50 శాతం జరిమానా, ఏటా 15 శాతం వడ్డీ వేసే అధికారం కౌంటీకి ఉంది.

2023లో విదేశీయుల ఆస్తుల మీద ఫ్లోరిడా చేసిన చట్టం గురించి కూడా అడుగుతుంటారు. అది చైనా, రష్యా, ఇరాన్, ఉత్తర కొరియా, క్యూబా, వెనిజువెలా, సిరియాలకు సంబంధించినది. భారతదేశం ఆ జాబితాలో లేదు.

ఇన్సూరెన్స్: ఎండ అసలు ఖరీదు ఇక్కడుంది

న్యూజెర్సీలో ఇంటి ఇన్సూరెన్స్ గురించి ఎవరూ మాట్లాడుకోరు. ఏడాదికోసారి బ్యాంకే కట్టేస్తుంది. ఫ్లోరిడాలో ఇద్దరు తెలుగువాళ్లు కలిస్తే పిల్లల చదువు తర్వాత మాట్లాడుకునేది అదే. దేశంలో ఇంటి బీమా అత్యంత ఖరీదైన రాష్ట్రాల్లో ఇదొకటి.

కారణాల మీద రెండు వాదనలున్నాయి. కంపెనీల మాట ప్రకారం అసలు రోగం వ్యాజ్యాలు. దేశంలోని ఇంటి క్లెయిముల్లో పదో వంతు కూడా ఫ్లోరిడావి కాకపోయినా, కోర్టు కేసుల్లో నాలుగింట మూడు వంతులకు పైగా ఇక్కడివేనని రాష్ట్ర బీమా నియంత్రణ కార్యాలయం చెబుతూ వచ్చింది. పైకప్పు బాగుచేసేవాడే "నేను చూసుకుంటాను, సంతకం పెట్టండి" అని ఇంటివాళ్ల క్లెయిము తన పేరున రాయించుకుని దావా వేసే పద్ధతి బాగా పెరిగింది. 2022 డిసెంబరులో శాసనసభ ఆ పద్ధతిని ఆపేసింది. గెలిచిన ఇంటి యజమాని లాయరు ఫీజు కంపెనీయే కట్టాలన్న నియమాన్నీ తీసేసింది. రెండో వైపు వాళ్ల మాట ఇంకోలా ఉంటుంది. కంపెనీలు నష్టాన్ని తక్కువ చేసి లెక్కగట్టడం, తేల్చకుండా నాన్చడం వల్లే జనం కోర్టుకెక్కారు, ఇప్పుడు సొంత డబ్బుతో లాయరును పెట్టుకోలేనివాడు ఇచ్చింది పుచ్చుకోవాల్సిందే అని. సంస్కరణల తర్వాత కొత్త కంపెనీలు వచ్చాయి, ప్రీమియం పెరుగుదల నెమ్మదించింది. అందుకు ఇంటి యజమానులు వదులుకున్న హక్కు కూడా చిన్నది కాదనే నాకనిపిస్తుంది.

బయట ఎవరూ బీమా ఇవ్వనప్పుడు చివరి దిక్కు సిటిజెన్స్ అనే సంస్థ. 2002లో రాష్ట్రమే పెట్టింది. 2023లో దాని పాలసీలు 14 లక్షలకు చేరాయి, 2024 చివరికి 10 లక్షల లోపుకు దిగాయి. పెద్ద తుపానొచ్చి దాని ఖజానా ఖాళీ అయితే ఆ లోటును రాష్ట్రంలోని మిగతా పాలసీదారుల మీద కూడా వేయొచ్చు, కారు ఇన్సూరెన్స్‌తో సహా. అద్దెకుండేవాడి కారు బిల్లు మీద కూడా ఎక్కడో సముద్రం ఒడ్డు బంగళా నష్టం పడవచ్చన్నమాట.

పాలసీ కాగితంలో చూడాల్సిన పదం 'హరికేన్ డిడక్టబుల్'. మామూలు నష్టానికి వెయ్యో రెండు వేలో మనం పెట్టుకుంటే మిగతాది కంపెనీ ఇస్తుంది. హరికేన్ నష్టానికి మాత్రం ఆ మొత్తం ఎక్కువగా శాతంలో ఉంటుంది. ఇంటి కట్టడానికి 4 లక్షల బీమా, 2 శాతం డిడక్టబుల్ అనుకోండి. మొదటి 8 వేలు మన జేబులోంచే. పైకప్పు పెంకులు 7 వేల డాలర్లకు ఎగిరిపోతే కంపెనీ నుంచి వచ్చేది సున్నా. 5 శాతం ఎంచుకుంటే ప్రీమియం తగ్గుతుంది, జేబు ఖర్చు 20 వేలవుతుంది.

ఒకే వీధిలో ప్రీమియం రెట్టింపు తేడా ఉండటానికి కారణం ఇంటి వయసు. 1992 ఆగస్టులో ఆండ్రూ హరికేన్ మయామీకి దక్షిణాన ఊళ్లను నేలమట్టం చేశాక, గాలికి తట్టుకునేలా రాష్ట్రమంతటికీ ఒకే కట్టడ నిబంధనలు తెచ్చారు. అవి 2002లో అమల్లోకి వచ్చాయి. ఆ తర్వాత కట్టిన ఇళ్లకు, పైకప్పును గోడలకు ఇనుప పట్టీలతో బిగించిన ఇళ్లకు రాయితీ ఉంటుంది. పెరడు లేకుండా ఫ్లాటు చాలనుకునేవాళ్ల లెక్క వేరు. 2021 జూన్ 24న మయామీ దగ్గరి సర్ఫ్‌సైడ్‌లో కాండో, అంటే సొంత ఫ్లాట్ల భవనం కూలి 98 మంది చనిపోయాక పాత భవనాలకు తనిఖీలు, మరమ్మతు నిధి తప్పనిసరయ్యాయి. తక్కువ ధరకు దొరుకుతున్న చాలా పాత కాండోల వెనక ఆ నిధి బాకీ ఉంటుంది.

గాలి వేరు, ఉప్పెన వేరు: తుపాను జోన్ల అక్షరాలు

స్టార్మ్ సర్జ్ అనే మాటకు తెలుగులో అర్థం వెతుక్కోనక్కర్లేదు. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన అదే. 2014లో విశాఖను హుద్‌హుద్ గాలి కొట్టింది. ఈ రెండూ చూసిన తీరం మనది, కాబట్టి గాలి, నీరు వేర్వేరు శత్రువులని మన పెద్దవాళ్లకు తెలుసు. ఫ్లోరిడా బీమా కాగితాలు కూడా సరిగ్గా ఆ విభజన మీదే నడుస్తాయి. గాలి నష్టం ఇంటి పాలసీలోకి వస్తుంది, బయటి నుంచి వచ్చిన నీటి నష్టం రాదు. దానికి వరద పాలసీ విడిగా తీసుకోవాలి. ఫెడరల్ వరద బీమా ఇంటికి 2.5 లక్షలు, సామానుకు లక్ష డాలర్ల వరకే ఇస్తుంది. ఇల్లు కొనేటప్పుడు అప్పుతో పాటు తీసుకుంటే తప్ప అమల్లోకి రావడానికి 30 రోజులు పడుతుంది. తుపాను పేరు టీవీలో విన్నాక కట్టి లాభం లేదు.

2024 శరదృతువులో టాంపా దీన్ని కళ్లారా చూసింది. సెప్టెంబరు 26న హెలీన్ హరికేన్ వందకు పైగా మైళ్ల దూరంలో, సముద్రం మీదుగా ఉత్తరానికి వెళ్లింది. అయినా ఉప్పెన టాంపా బే ఒడ్డు ఇళ్లలోకి వచ్చింది. తడిసిన సోఫాలు, పరుపులు వీధుల్లో గుట్టలుగా ఉండగానే, 13 రోజులకు, అక్టోబరు 9న మిల్టన్ హరికేన్ సియస్టా కీ దగ్గర తీరం దాటింది. ఈసారి గాలి, వాన. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 18 అంగుళాలకు పైగా వాన పడింది. బేస్‌బాల్ స్టేడియం ట్రాపికానా ఫీల్డ్ పైకప్పు చిరిగి పీలికలైంది.

ఇక్కడే రెండు రకాల జోన్లు కలగాపులగం అవుతాయి. ఎక్స్, ఏఈ, వీఈ అనేవి ఫెడరల్ వరద పటంలోవి. బ్యాంకు వరద బీమా అడుగుతుందా లేదా అన్నది వాటిని బట్టి. ఏ, బీ, సీ, డీ, ఈ అనేవి కౌంటీ ఇచ్చే తరలింపు జోన్లు. ఉప్పెనకు ముందు ఎవరు మొదట ఇల్లు ఖాళీ చేయాలో అవి చెబుతాయి. "మాది ఎక్స్ జోన్, భయం లేదు" అనేవాళ్లకు ఆ అక్షరం చెప్పేది బ్యాంకు బలవంతం చేయదని మాత్రమే. నీళ్లు రావని కాదు. మిల్టన్ వాన అలాంటి చోట్ల కూడా ఇళ్లలోకి చేరింది. మనవాళ్లు ఎక్కువగా చూసే వెస్లీ చాపెల్ లాంటి ఊళ్లు తీరానికి దూరం, ఉప్పెన భయం తక్కువ. అవి ఉన్న పాస్కో కౌంటీ సింక్‌హోల్స్‌కు, అంటే సున్నపురాతి నేల ఉన్నట్టుండి కుంగిపోవడానికి పేరుపడ్డ ప్రాంతం. ఇల్లు ఉండటానికి వీల్లేనంతగా కూలితే మామూలు పాలసీలోకి వస్తుంది. గోడ బీటలిచ్చే స్థాయి నష్టానికి సింక్‌హోల్ కవరేజీ విడిగా కొనుక్కోవాలి.

వీసా మీద ఉన్నవాళ్లకు ఊరు మారడం ఒక దరఖాస్తు కూడా

హెచ్-1బీ ఉద్యోగి పనిచేసే చోటు ఒక మెట్రో ప్రాంతం దాటి ఇంకో చోటికి మారితే కంపెనీ సవరించిన పిటిషన్ వేయాలి. 2015లో సిమియో సొల్యూషన్స్ నిర్ణయంతో ఇది స్పష్టమైంది. ఇంట్లో కూర్చుని చేసే పనికీ ఇదే వర్తిస్తుంది, ఎందుకంటే ఆ ఇల్లే పని చోటు. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ కార్మిక శాఖకు పెట్టే పెర్మ్ దరఖాస్తు ఎడిసన్ చిరునామాతో వేసి ఉంటే చోటు మారడం వల్ల మళ్లీ మొదటి నుంచి వేయాల్సి రావచ్చు. ఆ తర్వాత కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ ఆమోదం అయి ఉంటే పాత ప్రయారిటీ తేదీ, అంటే గ్రీన్‌కార్డు వరసలో మన చోటు, నిలుస్తుంది, అదొక్కటే ఊరట.

ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి హెచ్-1బీకి దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. టాంపాలో సిటీ గ్రూపు లాంటి పెద్ద ఆర్థిక సంస్థల క్యాంపస్‌లున్నాయి, జాక్సన్‌విల్‌లో బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ చేసే ఎఫ్‌ఐఎస్ ఉంది, ఓర్లాండోలో రక్షణ, ఆస్పత్రి రంగాలు బలంగా ఉన్నాయి. అయినా న్యూయార్క్-న్యూజెర్సీలోనో, డాలస్‌లోనో రైలు దూరంలో, కారు దూరంలో ఉన్నన్ని కంపెనీలు లేవు. గ్రీన్‌కార్డు ఉన్నవాడికి ఇది అసౌకర్యం. వీసా మీద ఉన్నవాడికి ఆ 60 రోజుల్లో దేశంలో ఉంటాడా లేదా అన్న ప్రశ్న. విశ్వవిద్యాలయ ఉద్యోగాల మీద ఆశ ఉన్నవాళ్లు ఇంకోటి గమనించాలి. 2025 అక్టోబరులో గవర్నర్ రాన్ డిసాంటిస్ రాష్ట్ర విశ్వవిద్యాలయాలు హెచ్-1బీ నియామకాలు మానాలని ఆదేశించారు.

పిల్లల చదువు: ఇక్కడ లెక్క వీసాను బట్టి తిరగబడుతుంది

న్యూజెర్సీలో ఇంటి పన్ను అంత ఎక్కువ ఉండటానికి ముఖ్య కారణం బడులు. ఊరూరికీ వేరే స్కూల్ డిస్ట్రిక్ట్, ఆ ఊరి పన్ను ఆ ఊరి బడికి. ఫ్లోరిడాలో కౌంటీ మొత్తానికి ఒకటే డిస్ట్రిక్ట్. జనం వేగంగా పెరిగే చోట ఏ ఇంటి పిల్లలు ఏ బడికన్న హద్దులు మారుతుంటాయి, మంచి బడి చూసి కొన్న ఇల్లు మూడేళ్లకు ఇంకో బడి పరిధిలోకి పోవచ్చు.

కాలేజీ దగ్గరకొచ్చేసరికి ఫ్లోరిడాదే పైచేయి. గెయిన్స్‌విల్‌లోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో స్థానికులకు ట్యూషన్ ఏడాదికి సుమారు 6,400 డాలర్లు. న్యూజెర్సీ ప్రభుత్వ విశ్వవిద్యాలయం రట్గర్స్‌లో ఫీజులతో కలిపి 17 వేలు దాటింది. దానిపైన 1997 నుంచి ఉన్న బ్రైట్ ఫ్యూచర్స్ స్కాలర్‌షిప్. మంచి మార్కులు, శాట్ స్కోరు, 100 గంటల సేవ ఉంటే మొదటి శ్రేణి పిల్లలకు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ పూర్తిగా మాఫీ. కానీ విద్యార్థి పౌరుడో, గ్రీన్‌కార్డు లాంటి అర్హత ఉన్నవాడో అయ్యుండాలి. హెచ్-4, అంటే హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా మీద ఉన్న పిల్లకు ఎన్ని మార్కులొచ్చినా ఇది రాదు. ఒకే ఇంట్లో హైదరాబాద్‌లో పుట్టిన అక్కకు లేనిది ఎడిసన్‌లో పుట్టిన తమ్ముడికి ఉంటుంది.

రెండు కుటుంబాలు, రెండు లెక్కలు

ఇవి ఊహించిన కుటుంబాలు, అంకెలు మాత్రం మామూలుగా ఎదురయ్యేవే.

మొదటి కుటుంబానికి గ్రీన్‌కార్డు, సొంతిల్లు ఉన్నాయి. న్యూజెర్సీలో రాష్ట్ర పన్ను 8,700, ఇంటి పన్ను 12,000, ఇంటి బీమా 2,000. మొత్తం 22,700. టాంపా శివారులో 5 లక్షల కొత్త ఇల్లు కొంటే హోమ్‌స్టెడ్ పోను పన్ను 8,100, సీడీడీ 2,500, బీమా 3,500, వరద పాలసీ 700. మొత్తం 14,800. ఏడాదికి 7,900 మిగులు. ఇక్కడిదాకా తమ్ముడి మాటే నిజం. అయితే ఈ కుటుంబం 2021లో తమ 4 లక్షల ఇంటి అప్పును 3 శాతానికి రీఫైనాన్స్ చేసుకుంది. కొత్తగా 4 లక్షల అప్పు 6.5 శాతానికి తీసుకుంటే నెల కంతు 1,686 నుంచి 2,528కి పెరుగుతుంది. ఏడాదికి 10,100 అదనం. పన్నులో మిగిలింది వడ్డీకి చాలలేదు. జీతం కూడా ఊరిని బట్టి 5 శాతం తగ్గిస్తామంటే లోటు ఇంకా పెద్దది.

రెండో కుటుంబానికి హెచ్-1బీ. అద్దె ఇల్లు, ఇద్దరికీ ఉద్యోగం, ఫ్లోరిడా కంపెనీలోనే కొత్త ఆఫరు. అద్దె రెండు చోట్లా దాదాపు సమానం అనుకుంటే 8,700లో చాలావరకు చేతికే వస్తుంది. పైకప్పు బాధ, డిడక్టబుల్ బాధ యజమానివి. అద్దె ఇంటికి హోమ్‌స్టెడ్ రక్షణ ఉండదు కాబట్టి స్కూలు పన్ను కాక మిగతా పన్నులకు దాని విలువ ఏడాదికి 10 శాతం వరకు పెరగొచ్చు. పన్ను, బీమా పెరిగినప్పుడల్లా అది మెల్లగా అద్దెలోకి జారుతుంది. అయినా కాగితం మీద చూస్తే ఎక్కువ లాభపడేది ఈ కుటుంబమే. 60 రోజుల గడియారం కూడా వీళ్ల గోడ మీదే ఉంది.

జీతం మీద వేయని భారాన్ని ఈ రాష్ట్రం ఇంటి మీద వేస్తుంది. సొంతింటి మీద పన్నునే ఎత్తేయాలన్న చర్చ 2025 నుంచి అక్కడ గట్టిగా నడుస్తోంది. దానికి రాజ్యాంగ సవరణ కావాలి, ఓటర్లలో 60 శాతం ఒప్పుకోవాలి. ఎత్తేస్తే పోలీసు, ఫైరింజను ఖర్చులు ఏ బిల్లులో కనిపిస్తాయన్నదే వాదన.

ఇక అసలు ఎండ

న్యూజెర్సీలో జనవరిలో దిగిన అమ్మానాన్నలకు ఆరు నెలల వీసాలో మూడు నెలలు కిటికీ దగ్గరే గడిచిపోతాయి. "ఇల్లు బంగారంలా ఉంది గానీ, కాలు బయట పెట్టే పని లేదు నాయనా" అంటారు. టాంపాలో అదే జనవరిలో నాన్నగారు పొద్దున్నే శాలువా లేకుండా కాలనీ చుట్టొస్తారు. నాలుగిళ్ల అవతల ఇంకో నాన్నగారు తగులుతారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కథ మారుతుంది. ఉక్కపోత బెజవాడను గుర్తు చేస్తుంది, మధ్యాహ్నం దాటగానే ఉరుములతో వాన. ఏసీ ఆగదు, పిల్లలు మళ్లీ నాలుగు గోడల మధ్యే. రెండు రాష్ట్రాల్లోనూ ఏడాదికి మూడు నాలుగు నెలలు ఇంట్లో కూర్చోక తప్పదు, నెలలే వేరు.

ఎడిసన్‌లో అక్టోబరు రాగానే కరివేపాకు కుండీని లోపలికి తెచ్చి, కిటికీ పక్కన పెట్టి, ఆకు రాలుతుంటే ఏప్రిల్ దాకా దిగులు పడతాం. టాంపాలో అది నేలలో నాటితే ప్రహరీ ఎత్తు పెరుగుతుంది, పక్కింటివాళ్లకు కూడా రెబ్బలు తుంచి ఇస్తాం. అక్కడి బత్తాయి తోటల్ని తినేస్తున్న సిట్రస్ గ్రీనింగ్ తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడింది. దాన్ని మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. అందుకే రాష్ట్రమంతా ఫెడరల్ క్వారంటైన్ కింద ఉంది. నాలుగేళ్ల తర్వాత మనసు మారి మళ్లీ న్యూజెర్సీ ట్రక్కు ఎక్కితే సోఫాలు, మంచాలు, బీరువాలు వస్తాయి. ఆ చెట్టు మాత్రం ఇల్లు కొన్నవాళ్లకు వదిలి రావాల్సిందే.